నాయన తోట మోటారు

తోటల్లో ఏ మోటారు దగ్గినా పరిగెత్తే లోకనాథ్‌కు, ఇంట్లో మిక్సీ చెడి నెలైనా పట్టించుకోలేదని భార్య సుకన్య ఫిర్యాదు. పులివెందుల చుట్టూ చీనీ, అంటే బత్తాయి, తోటల్లో బోరు మోటార్లకు, అవి తిరిగేదీ ఆగేదీ చెప్పే పెట్టెలు అతను బిగించాడు. అవి పంపే మెసేజీలు ఇంట్లోని కంప్యూటర్‌లో నమోదవుతాయి.

అతని తల్లి ఓబులమ్మది వారంగా ఒకటే మాట. "చీకటి పడితే మీ నాయన మోటరు తిరుగుతాంది రా."

నాయన పోయాక ఇంటి వెనక తోటలో బోరు ఎండిపోయింది. మోటారు అమ్మేశారు. దాని పెట్టె అటక మీదుంది.

"కంప్యూటర్లో యాడా పడలేదు గదమ్మా! రేపు కడపలో మెంటల్ డాక్టరుకు చూపిస్తా," అన్నాడు లోకనాథ్.

ఓబులమ్మ చీరలు సంచిలో సర్దుకుంది. అది చూసి సుకన్య మనసు ఊరుకోలేదు. కంప్యూటర్ ముందు కూర్చుంది.

"మామా, వారంగా ఏ తోట మెసేజీ దీంట్లో లేదు. కొత్త ప్రోగ్రాం వేసి, బయటి మెసేజీలు తీసుకునే సెట్టింగు నువ్వు తెరవలేదు. ఇది తన మాటలే రాసుకుంటాంది, నీ మాదిరే."

ఆమె సెట్టింగు తెరిచి, ప్రోగ్రాం మళ్లీ మొదలుపెట్టింది. తెర మీద తోటలన్నీ ఒక్కొక్కటే పలికాయి: మోటారు ఆఫ్, మోటారు ఆఫ్. చివర నాయన తోట పలికింది: మోటారు ఆన్, నీళ్లు వస్తున్నాయి.

లోకనాథ్ అటక మీంచి పెట్టె దించాడు. దానికి ఒక్క తీగైనా లేదు.

అప్పుడు వెనక తోట చీకట్లోంచి, సన్నగా, ఆగకుండా మోటారు చప్పుడు.

లోకనాథ్ వెళ్లి తల్లి పక్కన కూర్చున్నాడు.

"నాకూ వినపడతాంది అమ్మా," అన్నాడు. "తప్పు నాదే."