కాళ్ళు పట్టుకున్నాయన

"అమ్మా, ఓసారి అలా నాలుగడుగులు నడుస్తారా?"

పైడితల్లి తలెత్తి చూసింది. ఎవరో తెలియదు. ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు, నలభై దాటిన మనిషి.

"ఏటి బావూ?"

"నడిచి చూపిస్తారా అని."

ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. పొద్దున్నుంచీ వినియోగదారుల కమిషన్ వరండాలో బల్ల మీద కూలబడి ఉంది. లోపల ఎవరిదో పాడైపోయిన ఫ్రిజ్ కేసు, ఎంతకీ తెమలదు. పైన ఫ్యాను ఉందే గానీ తిరగదు. లాయరు అనూరాధ ఇంకో కోర్టులో ఇరుక్కుపోయింది. ఇన్ని చాలనట్టు ఇప్పుడీయనొచ్చి నడవమంటాడు!

"నడవగలిగితే నాను ఇక్కడెందుకు కూకుంటాను బావూ? జాలరిపేటలో సేపలమ్ముకుందును."

అదీ సంగతి. తుంటి కీలు అరిగిపోయిందని ప్రైవేటు ఆస్పత్రిలో చేరితే కొత్త కీలు వేశారు. వేశాక కుడికాలు రెండు వేళ్ళ మందం పొట్టిదైపోయింది. చేపల బుట్ట నెత్తికెత్తుకుంటే ఒళ్ళు ఓ పక్కకి ఒరిగిపోతోంది. మళ్ళీ కోసి సరిచెయ్యాలట. పరిహారం వస్తేనే ఆ ఆపరేషన్, లేకపోతే జన్మంతా ఈ కుంటుడే.

ఆస్పత్రి వాళ్ళేమో తప్పే జరగలేదంటారు. అక్కడి పెద్ద డాక్టరు ద్వారకా నగర్ హోర్డింగు మీద నవ్వుతూ నిలబడి ఉంటాడు. కేసు ఆయన మీదే. డాక్టరు తప్పు చేశాడని ఇంకో డాక్టరు వచ్చి చెప్పాలట. ఊళ్ళో ఇంతమంది డాక్టర్లున్నారా, కాలు చూసి అయ్యో అనేవాళ్ళే గానీ సాక్ష్యం అనేసరికి ఒక్కడూ నోరు విప్పడు. ఇవాళ కూడా సాక్షి రాకపోతే కేసు కొట్టేస్తామని కమిషన్ వాళ్ళు పోయిన వాయిదాలోనే తేల్చిచెప్పేశారు.

"మెట్లెక్కేటప్పుడు పట్టేస్తుందా అమ్మా? నొప్పి తొడలోకి దిగుతుందా?" ఆయన వదల్లేదు.

"నీకెందుకయ్యా అవన్నీ?" కొడుకు నరేష్ మధ్యలోకొచ్చాడు. వేట మానుకుని వచ్చిన చిరాకు వాడిది. "నువ్వెవులు? ఆస్పత్రోల మనిసివేనా?"

ఆయన తడబడ్డాడు. "అంటే... ఆ ఆస్పత్రి సంగతి నాకు తెలుసు."

అంతే! తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లాయరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆస్పత్రి మనుషులొచ్చి మెత్తగా మాట్లాడతారనీ, రాజీ అంటారనీ, నోరు విప్పొద్దనీ. పోయిన నెలలో ఒకడు పేటకే వచ్చి పోయాడు కూడా. వీడు రెండోవాడన్నమాట.

పైడితల్లికి ఇంకో అనుభవం కూడా ఉంది. బుట్ట ముందు కూర్చుని చేప మొప్ప ఎత్తి చూసేవాడు ఎందుకు చూస్తాడు? వంక పెట్టి బేరం తగ్గించడానికే. ఇన్నేళ్ళలో మొప్ప ఎత్తి చూసి ఎక్కువిచ్చి పోయినవాణ్ణి ఆవిడెరగదు.

"నా కాల్లో వంకలెతకడానికొచ్చినాడ్రా ఈడు," అంది.

"కాదమ్మా. లాయరు గారు రానివ్వండి, ఆవిడే..."

"ఏటి, లాయరమ్మని కూడా కొనీగలవేటి?"

వరండాలో జనం ఇటు తిరిగారు. ఆయన మొహం ఎర్రబడింది. ఉన్నట్టుండి గచ్చు మీద మోకాళ్ళూనాడు. ఆవిడ రెండు మడమలూ పక్కపక్కన చేర్చి చూశాడు. చూసినవాడు వదలొచ్చు కదా, వదల్లేదు. పాదాలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"సీ! లెగు! లెగమంతన్నానా!" పైడితల్లి కాళ్ళు లాక్కుంది. "కాలు పాడుసేసి ఇప్పుడు కాళ్ళట్టుకోడానికి మనిసిని పంపుతారా! కాళ్ళట్టుకుంటే కేసు మానీస్తాననుకున్నావేటి? సిగ్గు నేదూ!"

నరేష్ ఆగలేదు. రెక్క పట్టుకుని లేపి, మెట్ల దాకా తోసుకుపోయాడు.

"మళ్ళీ ఇటేపు కనపడ్డావంటే బాగోదు!"

ఆయన సగం మెట్లు దిగి ఒకసారి వెనక్కి చూశాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

పైడితల్లికి ప్రాణం లేచొచ్చింది. ఇన్ని వాయిదాలు తిరిగింది, ఆస్పత్రి వాళ్ళని నోరారా నాలుగు మాటలనే భాగ్యం ఇవాళే దక్కింది. నరేష్ టీ తెస్తే హాయిగా తాగింది కూడా.

కాసేపటికి అనూరాధ నల్లకోటు ఎగరేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఒకాయన రావాలే. కళ్ళజోడు ఉంటుంది, సన్నగా ఉంటారు. వచ్చారా?"

"వచ్చినాడు మేడం. తరిమీసాం!" అన్నాడు నరేష్, మెచ్చుకుంటుందని.

అనూరాధ మొహంలో నెత్తురు చుక్క లేదు. గబగబా ఫోన్ తీసింది. స్విచ్చాఫ్. మళ్ళీ చేసింది. అదే మాట.

"పరిగెత్తు నరేష్! ఎక్కడున్నా పట్టుకురా!"

నరేష్ రోడ్డు దాకా పరిగెత్తాడు. ఆటో స్టాండులో అడిగాడు, బస్‌స్టాపులో వెతికాడు. రొప్పుతూ తిరిగొచ్చాడు.

"ఎక్కడా నేడు మేడం."

లోపలి నుంచి బంట్రోతు పైడితల్లి పేరు పిలిచాడు.

"ముందే చెబితే పేటంతా పాకి ఆస్పత్రి దాకా పోతుందని మీకు కూడా చెప్పలేదు. నా ఖర్మ!" అనూరాధ నుదురు కొట్టుకుంది.

"ఎవులు తల్లీ ఆ బావు?" పైడితల్లి బల్ల పట్టుకుని లేచింది.

బంట్రోతు మళ్ళీ పిలిచాడు.

"మీకు మత్తిచ్చాక ఆ పెద్ద డాక్టరు అసలు థియేటర్లోకే రాలేదమ్మా; ఆ కీలు వేసింది ఈయన, తప్పు నాదేనని జడ్జిగారి ముందు ఒప్పుకోడానికి ఉద్యోగం వదిలేసి మరీ వచ్చారు."