అయిందా అమ్మాయ్?

"లైను అద్దంలా ఉందండీ. స్తంభం కాణ్ణుంచి మీ గుమ్మం దాకా చూసేను, ఎక్కడా లోపం లేదండీ," అన్నాడు లైన్‌మన్ పేతురు నిచ్చెన దిగుతూ.

"లోపం లేకపోతే ఇంటర్నెట్టు ఎందుకు తెగిపోతోందయ్యా?" రమణికి కోప్పడే ఓపిక కూడా మిగల్లేదు.

"జాయింటులో తడి దిగినా, కొబ్బరాకు రాసుకున్నా తెగుద్దండీ. అయ్యేం లేవు. ఇంట్లో రెండో ఫోనేవన్నా ఉందాండీ? నెట్టు నడుస్తుండగా అదెత్తితే ఠపీమని కట్టయిపోద్ది."

"వెనకగదిలో మా అత్తగారి మంచం పక్కన ఉంది. ఆవిడ ఫోన్ చేసి ఏ కాలమైందో!"

అయినా వెళ్ళి అడిగింది. "అత్తయ్యగారూ, ఈమధ్య ఎవరికైనా ఫోన్ చేస్తున్నారా?"

ఒత్తులు చేసుకుంటున్న అచ్చయమ్మ తలెత్తింది. "నేనెవరికి చేస్తానమ్మా? అందులో అంకెలే ఆనవు నాకు."

అబద్ధమాడ్డం ఆవిడకి చేతకాదు. "ఆయ్, మరి పై ఆఫీసులో చెప్పి చూస్తానండీ," అంటూ పేతురు నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

రమణి మళ్ళీ కంప్యూటరు ముందు కూలబడింది. డాక్టర్లు చెప్పింది విని టైపు చేసి హైదరాబాదు పంపే పని. అంబాజీపేటలో కూచుని ఇంగ్లీషు వైద్యం రాస్తుందట అని వీధివీధంతా నవ్వినా, పట్టుబట్టి నేర్చుకుని సంపాదించుకుంది. ఈ మధ్యాహ్నంలోగా ఫైలు అందకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. నెట్ సెంటరుకి పోదామంటే అమలాపురం బస్సెక్కాలి, అంత వ్యవధి లేదు.

పోయినవారం దాకా నత్తనడకనైనా ఫైళ్ళు వెళ్ళేవి. అప్పట్లో బాధంతా అత్తగారితోనే. ఫైలు సగం వెళ్ళేసరికి గుమ్మంలో నిలబడి, "అయిందా అమ్మాయ్?" అనేది. కాసేపాగి మళ్ళీ, "అయిందా అమ్మాయ్?"

ఒకరోజు రమణి విసిగిపోయింది. "మీరలా అడుగుతుంటే నా ప్రాణం పోతోంది అత్తయ్యగారూ. దయచేసి అడక్కండి."

"అలాగేలేమ్మా," అని వెళ్ళిన మనిషి మళ్ళీ గుమ్మంలోకి రాలేదు. నోరు జారినందుకు రమణికి సిగ్గేసింది గానీ, ప్రాణం కాస్త తెరిపిన పడింది. ఆ సుఖమూ ఎన్నాళ్ళో నిలవలేదు, లైను తెగడం మొదలైంది.

మోడెం కీచుమని, గరగరలాడి దారికొచ్చింది. ఫైలు సగం దాకా వెళ్ళి తెగింది. వైరు పీకి మళ్ళీ పెట్టింది. ముప్పావు దాకా వెళ్ళి తెగింది. కంప్యూటరు ఆపి మళ్ళీ వేసింది, మోడెం వేడెక్కిందేమోనని విసనకర్రతో విసిరింది, ఎన్నడూ లేంది వినాయకుడికి మొక్కుకుంది. తెర మీద ఇంకొక్క గీత నిండితే ఫైలు వెళ్ళిపోతుందనగా మళ్ళీ తెగింది.

అంతలో ఫోన్ మోగింది. హైదరాబాదు నుంచి.

"సారీ అండి. ఇంక ఆగలేం. మీ పని వేరేవాళ్ళకి ఇచ్చేశాం."

రమణి రిసీవరు పెట్టేసి కీబోర్డు మీద తల వాల్చేసింది. ఏడవడానికి కూడా శక్తి లేదు.

కాఫీ గ్లాసుతో అచ్చయమ్మ వచ్చింది. గుమ్మం దగ్గర కాసేపు తటపటాయించి, చివరికి అడిగింది.

"అయిందా అమ్మాయ్?"

"లేదు అత్తయ్యగారూ. ఫైలు వెళ్ళలేదు. ఉద్యోగం పోయింది."

అచ్చయమ్మ బిత్తరపోయింది.

"అదేమిటే! నువ్వు అడగొద్దన్నావని నేను ఫోనెత్తి చూసినప్పుడల్లా గరగరమని వస్తూనే ఉందిగా!"