ఒకటి కొంటే ఒకటి

"ఎత్తేశారు చెల్లెమ్మా! ఒకటి కొంటే ఒకటి ఉచితం ఇక లేదట. ఒక్కటి కొన్నా సగం ధరకే ఇస్తారట," అన్నాడు రిటైరైన డ్రైవరు, చౌక సూపర్‌మార్కెట్లో బ్రెడ్డు అర ముందు నిలబడి.

ఆయనదీ, పక్కనే నిలబడ్డ ఆవిడదీ ఒంటరి బతుకులే. ఒక్కరే రెండు బ్రెడ్లు తీసుకుంటే ఒకటి పాడవుతుందని, ప్రతి శనివారం కలిసి కొని చెరొకటి పట్టుకెళ్లేవారు. కుట్టుపని మానేశాక ఆవిడ వారమంతటికీ నోరారా మాట్లాడేది ఆ కాసేపే.

"మంచిదేగా అన్నయ్యగారూ," అంది ఆవిడ.

"మంచిదే. ఇక నా కోసం కాచుకునే బాధ తప్పింది మీకు. నా సోది వినే బాధ కూడా!"

నవ్వాడే గానీ, చేతిలో బ్రెడ్డు బుట్టలో వేయడు, అక్కణ్ణుంచి కదలడు.

ఆదా అయినందుకు దేవుడికి దండం పెట్టాలో, మొర పెట్టుకోవాలో ఆవిడకు తెలియలేదు. ఆయన చేతిలోది తీసి అరలో పెట్టేసింది. పై అరలోంచి పెద్ద బ్రెడ్డు దించింది.

"ఇది నా ఒక్కదానికి ఎక్కువ. సగం తీసుకుంటారా?"

"దానికి తగ్గింపేమీ లేదు చెల్లెమ్మా!"

"చూశాను లెండి. పదండి, బిల్లు కట్టేద్దాం."