తమ్ముడితో సహా

బుజ్జిని దాచమన్నది బయటివాళ్లు కాదు, సొంత మేనత్తే.

"పెళ్లివారొచ్చి ఎల్లేదాకా ఆడ్ని మా ఇంటికి పంపీవే లావణ్యా. ముందు నిన్ను సూడనీ. ఆడి సంగతి తరవాత తెలిత్తే తెలుత్తాది" అంది బుల్లమ్మ, మేనకోడలి జడలో పూలు పెడుతూ.

"మా ఇంట్లో మనిషిని మేం దాచం అత్తా. నన్ను చేసుకునేవాళ్లు నా తమ్ముణ్ణి చూసే చేసుకోవాలి" అంది లావణ్య.

బుజ్జికి నాలుగేళ్లప్పుడు విశాఖలో డాక్టరమ్మ చూసి ఆటిజం అని చెప్పింది. "దీనికి మందు లేదు. ఇంటిల్లిపాదీ నేర్చుకోవాలి" అంది. ఆ మాట విని తల్లి గుళ్లు పట్టుకు తిరిగింది. తండ్రి త్రినాధరావు ఎప్పట్లాగే పరవాడ కంపెనీ బస్సెక్కి డ్యూటీకి పోయాడు. నేర్చుకున్నది లావణ్య ఒక్కతే.

అప్పటికి తను అయిదో తరగతి. బడి అవగానే తమ్ముడి చెయ్యి పట్టుకుని అనకాపల్లిలో ఉన్న ఒకే ఒక్క థెరపీ సెంటరుకి తీసుకెళ్లేది. అక్కడి మేడం చేసింది చూసి ఇంటికొచ్చి చేసేది. మాట రానప్పుడు బొమ్మ చూపించి అడగడం. తల గోడకేసి కొట్టుకుంటుంటే అరవకుండా వెనకనుంచి గట్టిగా హత్తుకోవడం. కొన్నాళ్లకి సెంటరు మూతపడింది. ఆ తర్వాత తల్లి పోయింది. బుజ్జికిప్పుడు ఇరవై ఏళ్లు. స్నానం తనే చేస్తాడు, అన్నం తనే తింటాడు. అక్క కనబడకపోతే మాత్రం గేటు దగ్గరనుంచి కదలడు.

అందుకే లావణ్య షరతు ఒక్కటే. తను ఎక్కడుంటే తమ్ముడు అక్కడే ఉండాలి.

ఆ మాటకి ఇంతకుముందు వచ్చినవాళ్లంతా కాఫీ సగంలోనే లేచారు. "పుట్టబోయే పిల్లలకి కూడా ఇలాగే అవుతాదేమో" అని ఒకాయన మొహానే అనేశాడు.

ఈసారి వచ్చింది నాతవరం దగ్గర రైతులు. కృష్ణబాబు, అతని తల్లి రామాయమ్మ. చెరుకు తోటలున్నాయి. తండ్రి లేడు.

అందరూ కూచున్నారో లేదో, వీధిలో లారీ హారన్ గట్టిగా మోగింది. బుజ్జి చెవులు మూసుకుని ఊగడం మొదలుపెట్టాడు. బుల్లమ్మ గాభరాగా లేచింది. అయిపోయింది ఈ సంబంధం కూడా, అనుకుంది లావణ్య.

కృష్ణబాబు లేచి కిటికీ మూశాడు. బుజ్జికి కాస్త దూరంగా, అతని వైపు చూడకుండా నేలమీద కూచున్నాడు. కాసేపటికి ఊగడం ఆగింది.

లావణ్య ఆ మనిషిని అప్పుడు తలెత్తి చూసింది.

రామాయమ్మ ఆమె చదువు అడగలేదు, వంట అడగలేదు. అడిగిందల్లా బుజ్జి గురించే.

"రాత్రుళ్లు నిద్దరోతాడా?"

"ఇప్పుడు పోతున్నాడండీ. మొదట్లో లేదు."

"కోపమొత్తే కొడతాడా? అప్పుడు నువ్వేటి సేత్తావు?"

చెప్పింది. ఎలా పట్టుకోవాలో, ఎప్పుడు వదిలేయాలో, స్నానం ఎలా అలవాటు చేసిందో, అంతా చెప్పింది. ఇన్నేళ్లలో తమ్ముడి గురించి ఇంత ఓపిగ్గా విన్నవాళ్లు లేరు. రామాయమ్మ ఒక్క ముక్క పోనివ్వకుండా వింది.

"నీకు ఇసుగు రాదా అమ్మా?"

"వస్తుందండీ. వచ్చినప్పుడు డాబా మీదికెళ్లి ఏడ్చి వస్తాను."

రామాయమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మీ తమ్ముడు మాకేం బరువు కాడమ్మా. నీతోపాటే తీసుకొచ్చీ."

త్రినాధరావు చేతులు జోడించాడు. ఆ రాత్రి లావణ్య డాబా మీదికెళ్లి ఏడ్చింది. అది విసుగుతో కాదు.

పెళ్లి అనకాపల్లిలోనే చేశారు. బుజ్జి బెదురుతాడని బ్యాండు వద్దన్నది మగపెళ్లివారే. తాళి కట్టేటప్పుడు కూడా బుజ్జి అక్క పక్కనే కూచున్నాడు. "దేవుళ్లే దొరికేరే నీకు" అని బుల్లమ్మ పదిమందిలో మెటికలు విరిచింది. అప్పగింతల్లో ఆడపిల్లతో పాటు తమ్ముడు కూడా కారెక్కుతుంటే చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు.

అత్తారింట్లో బుజ్జికి వేరే మంచం వేసి ఉంచారు. కృష్ణబాబు మాత్రం ఎందుకో పెళ్లాం కళ్లలోకి చూడలేకపోతున్నాడు. సిగ్గరి మనిషి అనుకుంది లావణ్య. రెండు రోజులు గడిచాయి. చుట్టాలంతా వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న రామాయమ్మ కోడల్ని పెరట్లోకి పిలిచింది. గొడ్ల సావిడి వెనక చిన్న గది. బయటనుంచి గడియ, దానికి తాళం. సామాన్ల గది కాబోలు అనుకుంది లావణ్య.

రామాయమ్మ తాళం తీసి తలుపు తెరిచింది. లోపల చీకట్లో గోడకి ఆనుకుని, గెడ్డం మాసిన మనిషొకడు ఊగుతున్నాడు.

"మా పెద్దోడమ్మా, మీ బుజ్జిలాంటోడే, ఈడ్ని సూసుకోడం తెలిసిన పిల్ల దొరకాలనే ఇన్నేళ్లూ మా సిన్నోడికి పెళ్లి సెయ్యకుండా ఆగేం" అంది రామాయమ్మ, ఆ తాళం చెవి కోడలి చేతిలో పెడుతూ.