కోళ్ల గంప కింద సీసా

“ఎండల పెట్టిపోయిన నా సీసా ఏది వదినా?” పాల్వంచ బస్సు దిగొచ్చిన ఆడబిడ్డ భార్గవి అడిగింది.

కోళ్ల గంప చూపించాను. దానిమీద గోనె కూడా కప్పి ఉంచాను.

“బుడగలొస్తున్నయి. పాప ముట్టుకుంటే పేలుతదేమోనని మూసిన.”

ఆమె మొహం పాలిపోయింది. ఎండ తగిలితే సీసాలోని సన్నపొడి నీళ్లలోంచి హైడ్రోజన్ తీస్తుందట. ఆ బుడగలు ఉత్త ఉడుక్కి లేచే గాలేనని వాళ్ల కాలేజీ సార్ అనుమానం. రేపు రుజువు చూపకపోతే ప్రాజెక్టు పోయి, నా చదువులాగే ఆమెదీ ఆగిపోతుంది.

గంప లేపి సీసా పట్టుకుంది.

“ఉడుకు గట్లనే ఉంది. బుడగలే లేవు.”

ఎండ పడిన కాసేపటికి బుడగలు మళ్లీ లేచాయి.

“వెలుతురుకే వదినా, ఉడుక్కి కాదు! రేపు సార్ ముందట గిట్లనే మూసి చూపిస్త. గంప తీస్కపోనా?”

“తీస్కపో,” అన్నాను. పాపను మాత్రం చంక దించలేదు.