చిగురు చెప్పేసిన ఓటీపీ

ఒక చింతచెట్టు తొర్రల్లో చిలుకలు కాపురముండేవి. గోరువంకలు తొర్రల్లో దూరి గుడ్లు కిందికి తోసేస్తాయని, కాపలా చిలుకల పెద్ద తొర్రవ్వ రోజూ పొద్దున్నే ఒక్కో తల్లికీ ఒక కొత్త ఈల నేర్పేది. మేతకెళ్లి వచ్చాక ఆ ఈల వేస్తేనే, తొర్రలో వీపు అడ్డం పెట్టి కూర్చున్న కాపలా చిలుక పక్కకు జరిగి దారి ఇచ్చేది. మనుషుల మాటలు విని దానికి ఓటీపీ అని పేరు పెట్టుకున్నాయి. "ఓటీపీ ఎవరికీ చెప్పరాదు" అని రోజంతా వల్లించేవి కూడా. చిలుకలు కదా, వల్లించడం బాగా వచ్చు.

ఓ రోజు చిగురు అనే కొత్త తల్లి జామతోటలో ఉండగా, ఆకుల చాటునుంచి తొర్రవ్వ గొంతు వినిపించింది.

"అమ్మాయ్, నీ ఈల ఒకసారి వెయ్యవే, సరిచూడాలి. లేదంటే సాయంత్రానికి నీ తొర్ర మూయించాల్సి వస్తుంది."

చిగురు కంగారుగా ఈల వేసేసింది. ఆకుల్లోంచి ఒక గోరువంక తన జతను పిలుచుకు రావడానికి ఎగిరిపోయింది.

ఈల నేర్పిన అవ్వ మళ్లీ తననే అడుగుతుందా? అందరూ నవ్వుతారని చిగురుకు సిగ్గేసింది. కానీ తొర్రలో రెండు గుడ్లున్నాయి. తిన్నగా చెట్టుకు ఎగిరింది.

"అవ్వా, నా ఓటీపీ చెప్పేశాను."

"ఎవరికి? ఎప్పుడు?"

"గోరువంకకి. ఇప్పుడే."

"ఇప్పుడే అయితే బెంగలేదు" అని తొర్రవ్వ ఆ ఈల ఇక చెల్లదని కాపలా చిలుకలన్నిటికీ చెప్పింది. గోరువంకలు వచ్చి ఎంత ఈల వేసినా ఒక్క కాపలా చిలుకా పక్కకు జరగలేదు.

చిగురు గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. "నన్ను తిట్టవేం అవ్వా?"

తొర్రవ్వ దాని మెడమీది ఈకలు ముక్కుతో దువ్వింది.

"నేనూ ఒకప్పుడు చెప్పేశానే. సిగ్గుతో ఆ మాట సాయంత్రం దాకా ఎవరితోనూ అనలేదు. నాలుగు గుడ్లు, తల్లీ."