చివరి పదహారు పేజీలు

2019 ఏప్రిల్ పద్దెనిమిది. ఈస్టర్ ముందటి గురువారం. ఆ మధ్యాహ్నం హాల్వర్, బోర్గిల్డ్ కొండమీది తమ కర్ర ఇంటి ముందు మంచులో గొయ్యి తవ్వుకుని, ఎండకి ఎదురుగా కూర్చుని, కాల్చిన సాసేజీలు రెండేసి, నారింజ చెరొకటి తిన్నారు. హాల్వర్‌కి అది ఇంత బాగా గుర్తుండటానికి కారణం ఉంది. భార్యతో కలిసి గడిపే ఆఖరి ఈస్టర్‌లో అది మొదటి భోజనం.

విడిపోవడానికి పెట్టుకునే దరఖాస్తు బోర్గిల్డ్ సంచిలో ఉంది. ఆమె సంతకం అయిపోయింది. అతనిది సోమవారం, కొండ దిగేముందు. ఇరవై తొమ్మిదేళ్ల కాపురం. కొట్లాటలు లేవు, పరాయి మనిషి లేదు.

"నీతో మాట్లాడటం కంటే ఈ కర్రగోడతో మాట్లాడటం నయం. చలికి అదైనా కిర్రుమంటుంది," అంది ఆమె. అంతే.

హాల్వర్‌కి విడిపోవాలని లేదు. ఆ మాట కూడా అతను చెప్పలేదు.

ఆ దేశంలో ఈస్టర్‌కి కొండెక్కేవాళ్ల సంచిలో నారింజలతోపాటు ఒక హత్య నవల ఉండాల్సిందే. బోర్గిల్డ్ తెచ్చుకున్నది మొగుణ్ణి చూసి వణికే పెళ్లాం కథ. అలాంటివంటే ఆమెకి ప్రాణం. పాత పుస్తకాల కొట్లో కొన్నది. కుట్టు ఊడి, పేజీలు రాలిపోతున్నాయి.

శుక్రవారం సాయంత్రం ఆమె కేకపెట్టింది.

"హాల్వర్! చివరి పదహారు పేజీలేవీ?"

పొద్దున పొయ్యి రాజేసింది హాల్వరే. కట్టెల బుట్టలో చేతికందిన కాగితాలన్నీ ఉండచుట్టి లోపలికి తోశాడు. చూసి తోసే అలవాటు అతనికి లేదు.

"పొయ్యిలో... పడ్డాయేమో."

"ఏమో ఏంటయ్యా, ఏమో! హంతకుడెవరో తేలే పేజీలతో చలి కాచుకున్న మనిషి ఈ దేశం మొత్తానికి నువ్వొక్కడివే ఉంటావు."

"ఇంకోటి కొనిస్తాను."

"ఇక్కడ ఎవరమ్ముతారు, కుందేళ్లా? తగలబెట్టింది నువ్వు. ముగింపు నువ్వే చెప్పు."

"నేను చదవలేదుగా."

"చదవలేదు, వినలేదు, తెలీదు. ఈ మూడు ముక్కలతోనే నాతో కాపురం చేసేశావు. కూర్చో."

కూర్చున్నాడు. మూడువందల పన్నెండు పేజీల కథ ఆమె నాలుగు మాటల్లో చెప్పేసింది. ఒక మొగుడు. రోజూ సాయంత్రం పడవల కొట్టంలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. ఎందుకో చెప్పడు. ఒకరోజు పక్కింటావిడ శవం నీళ్లలో తేలుతుంది. పెళ్లాం వెళ్లి కొట్టం తాళం పగలగొడుతుంది. అక్కడికి పేజీలు ఆఖరు.

"చెప్పు. లోపల ఏముంది?"

హాల్వర్ పొయ్యిలోకి ఒక కట్టె తోశాడు.

"కుర్చీ," అన్నాడు.

"ఇంకా?"

"ఫ్లాస్కులో కాఫీ."

"మూడువందల పేజీలు నేను వణికి చచ్చింది కాఫీ కోసమా? ఏం చేస్తాడక్కడ?"

"ఊరికే కూర్చుంటాడు. పనిలోంచి ఇంటికి పంపించేశారు అతన్ని. ఇంట్లో ఏ పనైనా ఆవిడ చకచకా చేసేసుకుంటుంది. తను ఎక్కడ నిలబడినా అడ్డంగానే ఉన్నట్టుంటుంది."

బోర్గిల్డ్ నారింజ ఒలవడం ఆపింది. ఓడల మరమ్మతు పని పోయి హాల్వర్ ఇంటికొచ్చి ఆరేళ్లు. కింద ఊళ్లో, ఇంటి వెనక కొట్టంలో అతనికీ ఒక కుర్చీ ఉంది.

"ఆ ముక్క పెళ్లాంతో చెప్పొచ్చుగా, ఆ మహానుభావుడు?"

"ఆవిడ అడగలేదు."

"అడిగింది. నూటయాభయ్యో పేజీ దాకా రోజూ అడిగింది."

"అయితే... అప్పటికి అతనికి చెప్పడం చేతకాలేదు."

ఆమె తొనొకటి అతని చేతిలో పెట్టింది.

"మరి శవం?"

"శవం సంగతి రేపు," అన్నాడు. నిజానికి శవాన్ని ఏం చేయాలో అతనికి తోచలేదు.

శనివారం మంచుమీద నడుస్తున్నంతసేపూ ఆలోచించాడు. ఆదివారం గొర్రెమాంసం తింటూ పక్కింటావిడకి ఒక తమ్ముణ్ణి పుట్టించి, హత్య అతని నెత్తిన వేశాడు. బోర్గిల్డ్ ఆ తమ్ముడిలో ఆరు లొసుగులు పట్టుకుంది.

"ఇంత చేతకాని హంతకుణ్ణి నేనెక్కడా చూడలేదు," అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

కానీ కథలో మొగుడు మాట్లాడే చోట్ల మాత్రం ఆమె అడ్డు రాలేదు. ఆ మాటలు కల్పించడానికి హాల్వర్‌ కూడా పెద్దగా కష్టపడలేదు.

సోమవారం మధ్యాహ్నం దరఖాస్తు బల్లమీదికి వచ్చింది. పక్కన కలం. హాల్వర్ కలం తీసుకుని, మళ్లీ కింద పెట్టాడు.

"హంతకుడెవరో ఇంకా తేలలేదు," అన్నాడు. "వారమైనా పడుతుంది. నాకు... నాకు ముగించాలని లేదు, బోర్గిల్డ్."

"కథా?"

"కథ కూడా."

ఆమె దరఖాస్తు మడిచి సంచిలో పెట్టేసింది.

"పాలు రేపటికి సరిపోవు," అంది. "పొద్దున్నే దిగి పట్టుకురా. నిలబడటానికి చోటు లేదంటావుగా, పాలకొట్టు ముందు వరసలో నిలబడు."

ఆ రాత్రి హాల్వర్ ముందుగా పడకగదిలోకి వెళ్లాడు. పడుకోబోతూ, ఎన్నేళ్లుగానో ఆమెకి 'శుభరాత్రి' చెప్పలేదని గుర్తొచ్చి, లేచి తలుపు ఓరగా తీశాడు. బోర్గిల్డ్ పొయ్యి ముందు మోకాళ్లమీద కూర్చుని ఉంది. ఒళ్లో కాగితాలు. దరఖాస్తు కాల్చేస్తోందనుకున్నాడు.

ఆమె ఒక్కొక్కటిగా మంటకి అందిస్తున్నవి పసుపెక్కిన అచ్చు కాగితాలని, తను శుక్రవారమే తగలబెట్టాననుకున్న ఆ చివరి పదహారు పేజీలని గుర్తుపట్టిన హాల్వర్, చప్పుడు కాకుండా తలుపు మూసేశాడు.